జగన్నాధం చూడని కచేరీ

కోటబొమ్మాళిలో ఆ కచేరీని మూడు వందల మంది చూశారు. దాన్ని అందరికంటే బాగా గుర్తుపెట్టుకున్నవాడు టైలరు జగన్నాధం. అతను దాన్ని చూడలేదు.

ఈ సంగతి అతను ఏనాడూ దాచలేదు. "నానెక్కడ సూసినాను? సూడనేదు" అని ముందే చెప్పేసేవాడు. చెప్పేసి, మెడలో టేపు సర్దుకుని, చూసినవాళ్ళ తప్పులు దిద్దడం మొదలుపెట్టేవాడు.

అది 2012 ఫిబ్రవరిలో ఒక ఆదివారం. రైలుస్టేషనుకి వెళ్ళే దారిలో రైసుమిల్లు ఉంది. దాని ముందున్న సిమెంటు కళ్ళం మీద 'తూరుపుగాలి' అనే బ్యాండు వాయించింది. రాజాంలో ఇంజనీరింగు చదివే ముగ్గురు గిటారు కుర్రాళ్ళు, పెళ్ళిళ్ళలో వాయించే ఒక ముసలి సన్నాయి ఆయన, డ్రమ్ముల దగ్గర ఈ ఊరి ధనరాజు. వాళ్ళకి పాటలంటూ ఉండేవి కావు. ఒక వరస ఎత్తుకుని, కాలవలో కాగితప్పడవ వదిలిన పిల్లల్లా దాని వెనకాల నడుచుకుంటూ పోయేవారు. అది ఎక్కడ ఆగుతుందో వాళ్ళకీ తెలియదు. ఒకసారి వాయించినట్టు ఇంకోసారి వాయించిన పాపాన పోలేదు.

జనం మామూలు ఆర్కెస్ట్రా అనుకుని వచ్చారు. సినిమా పాటలు రాసి చీటీలు పంపారు. సన్నాయి ఆయన ప్రతి చీటీని కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు, ఒక్కటీ వాయించలేదు. మూడింటికి మొదలైన కచేరీ అయిదున్నరకి ముగిసింది. అందులో ఒక్క వరసే గంట దాటి సాగింది. ఆ వరస మధ్యలో కరెంటు పోయింది. గిటార్లు మూడూ ఒక్కసారిగా మూగబోయాయి. అయిపోయింది కాబోలనుకుని జనం లేచారు. ధనరాజు ఆపలేదు. సన్నాయి ఆయన అతని వంక ఒక్క క్షణం చూసి, అందుకున్నాడు. ఇరవై రెండు నిమిషాలు వాళ్ళిద్దరే. లేచినవాళ్ళు లేచినట్టే నిలబడిపోయారు. గాలిలో ఊక ధూళి మెరుస్తూ ఉంది. మళ్ళీ కరెంటు వచ్చినప్పుడు గిటార్లు చప్పుడు చెయ్యకుండా వచ్చి, ఏట్లో కాలవ కలిసినట్టు కలిశాయి.

ఆ తరవాత ఆరు నెలలకే బ్యాండు చెదిరిపోయింది. గిటారు కుర్రాళ్ళకి ఉద్యోగాలొచ్చాయి. ధనరాజు గుజరాత్‌లోని వేరావల్‌కి, బోటు ఇంజన్లు బాగుచేసే పనికి వెళ్ళిపోయాడు. వాళ్ళు ఆ రోజు వాయించింది ఎక్కడా రికార్డు కాలేదు. మూడు వందల తలకాయల్లో తలో ముక్కా మిగిలింది.

ఆ ముక్కలన్నీ ఏరి కుట్టే పని జగన్నాధం పెట్టుకున్నాడు.

అతని కొట్టుకి ఎదురుగా ధర్మేంద్ర సెల్‌ఫోన్ల కొట్టు. కచేరీ రోజు ధర్మేంద్ర ముందు వరసలో నిలబడ్డాడు. పెళ్ళయింది, కొట్టు పెట్టాడు, బండి కొన్నాడు, కానీ జీవితంలో ఏం సాధించావని అడిగితే అతనికి మొదట గుర్తొచ్చేది ఆ ముందు వరసే. కొట్టుకి కొత్తవాళ్ళెవరైనా వస్తే సిమ్ము వేస్తూ వేస్తూనే కచేరీ కథ ఎత్తుకునేవాడు.

"డెబ్బై నిమిషాలండీ ఒకే వరస! డెబ్బై!"

రోడ్డుకి అవతల జగన్నాధం కుట్టుమిషను ఆగేది.

"అరవై ఎనిమిది."

"మావా, నేను సూసినాను!"

"సూసినావు, కొలిసినావేటి? మధ్యలో సన్నాయాయన నీల్లు తాగినాడు. గిటారు గుంటడు తీగ బిగించుకున్నాడు. ఆ రెండు నిమిషాలూ కుట్టులో పోనాయి. గుడ్డ ఎంతున్నాదని కాదురా, తొడుక్కున్నాక ఎంతుంటాదో అది సెప్పాల."

సిమ్ము కోసం వచ్చినవాడు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "తమరు ముందు వరసలోనా అండీ?" అని జగన్నాధాన్ని గౌరవంగా అడిగేవాడు.

"నాను ఎల్నేదు బావూ."

ధర్మేంద్రకి ఒళ్ళు మండిపోయేది. అంతకంటే మండే సంగతి ఇంకోటి ఉంది. కరెంటు పోయినప్పుడు గుంపులోంచి ఎవరో "ఆపకురా!" అని అరిచారు. ఆ అరిచింది తానేనని ధర్మేంద్ర నమ్మకం. ఆ కేక లేకపోతే ధనరాజు ఆపేసేవాడనీ, అసలు ఆ ఇరవై రెండు నిమిషాలూ తన పుణ్యమేననీ అతను మనసులో ఎప్పుడో ఖాయం చేసుకున్నాడు. జగన్నాధం ఒప్పుకుంటే కదా.

"ఆ కేక ఆడగొంతురా."

"నా గొంతు నాకు తెలీదా మావా?"

"అరిసినప్పుడు ఎవులి గొంతు ఆళ్ళకి తెలీదు. ఆరుగురిని అడిగినాను. నలుగురు ఆడగొంతన్నారు. ఒకడికి గుర్తు నేదు."

"ఆరోవాడు?"

"నువ్వే."

ఇలా దిద్దించుకున్నవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నా, పాపం విడవకుండా దొరికిపోయేవాళ్ళు ముగ్గురు. ధర్మేంద్ర, లగేజీ ఆటో తోలే సోములు, ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పే రేఖ. వీళ్ళకి కచేరీ అంటే ప్రాణం. సాయంత్రాలు ధర్మేంద్ర కొట్టు దగ్గర చేరి దాన్ని తలుచుకోకుండా ఉండలేరు. తలుచుకుంటే జగన్నాధం చేతికి చిక్కకుండా పోలేరు.

చిత్రమేమిటంటే, అతను అడిగే ప్రశ్నల్లో సంగీతం ఉండేది కాదు. ధనరాజుకి నీళ్ళెవరిచ్చారు? గ్లాసులోనా, సీసాతోనా? ఎండ మొహం మీద పడిందా, వీపు మీద పడిందా? అన్నం తిని వచ్చాడా? మధ్యలో నవ్వాడా? నవ్వితే పళ్ళు కనిపించాయా, మూతి బిగించి నవ్వాడా? చొక్కా పైగుండీ ఉందా, ఊడిందా?

గుండీ సంగతి టైలరు కాబట్టి అడిగాడనుకోవచ్చు. అన్నం సంగతి ఎందుకో ఎవరికీ అర్థమయ్యేది కాదు.

"బాబాయ్, ఒక్కసారైనా ఆ సన్నాయి ఎలగున్నాదని అడగరేటి మీరు?" అంది రేఖ ఒకనాడు.

"సన్నాయి అందరూ ఇన్నారు తల్లీ. నీల్లు ఎవులూ సూడనేదు."

ఒక మధ్యాహ్నం సోములు ఆటోలో సిమెంటు బస్తాలు వేసుకుని వస్తున్నాడు. జగన్నాధం రోడ్డు మధ్యలోకి వచ్చి చెయ్యి అడ్డం పెట్టాడు. సోములు బ్రేకు మీద నిలబడి ఆపాడు.

"ఏటైనాది మావా? ఎవులికైనా ఏటైనా అయినాదేటి?"

"ధనరాజు తువ్వాలు ఏ భుజం మీదున్నాదిరా ఆ రోజు?"

"నీ తువ్వాలు తగలెయ్య! ఎనకాల ఇరవై బస్తాలున్నాయి. అటు రైలుగేటు పడిపోతన్నాది!"

"గేటు మల్లీ లేస్తాది. భుజం సెప్పు."

"ఎడం! ఎడం భుజం! తప్పుకో!"

మర్నాడు సోములు టీ తాగుతుంటే జగన్నాధం పక్కన వచ్చి కూర్చున్నాడు. "రేఖమ్మ కుడి అన్నాది. మీ ఇద్దర్లో ఎవులో ఒకలు అబద్దం." సోములు అబద్ధమాడే మనిషి కాదు, రేఖ లెక్క తప్పే మనిషి కాదు. ఇద్దరికీ పౌరుషం వచ్చింది. సాయంత్రం ధర్మేంద్ర కొట్టులో పంచాయితీ పెట్టారు. గంటసేపు వాదించుకున్నాక, రేఖ మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నట్టుండి ఆగిపోయింది.

"ఉండండి. కరెంటు పోయింది కదా. అప్పుడు ఒక చేత్తో వాయిస్తూనే, రెండో చేత్తో తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. మళ్ళీ వేసుకున్నప్పుడు ఇటు భుజం మీద వేసుకున్నాడు."

అయిదేళ్ళ కిందటి ఒక చెయ్యి వాళ్ళ ముగ్గురి కళ్ళముందూ మెల్లిగా లేచి, తువ్వాలు అందుకుని, చెమట తుడుచుకుని, మళ్ళీ కర్ర పట్టుకుంది. ఇదంతా వాళ్ళు చూశారు. కానీ ఈ మనిషి అడిగేదాకా చూసినట్టు తెలియలేదు.

"అదీ" అన్నాడు జగన్నాధం తృప్తిగా. "కరెంటుకి ముందు ఎడం, తరవాత కుడి." వెంటనే మిషను మీద గుడ్డ కప్పి సైకిలెక్కాడు.

"ఎక్కడికి మావా?"

"అన్నానికి."

"ఇందాకే కదా తినొచ్చినావు?"

జవాబు దొరికిన ప్రతిసారీ ఇదే తంతు. జగన్నాధానికి ఆకలి జాస్తి అని ఊళ్ళో పేరు పడిపోయింది. అంత తింటున్నా మనిషి మాత్రం తన టేపులాగే ఉండేవాడు.

ఇంత ప్రేమున్నవాడు అసలా రోజు ఎందుకు వెళ్ళలేదు? ఈ ప్రశ్నకి ధర్మేంద్ర దగ్గర పదకొండు జవాబులు పోగుపడ్డాయి, అన్నీ జగన్నాధం చెప్పినవే. అర్జెంటు జాకెట్లున్నాయి. ఆదివారమని గుర్తులేదు. డ్రమ్ములంటే తలనొప్పి. మిల్లు ధూళి పడదు. చెప్పులు తెగిపోయాయి. చివరికి ఒకసారి, "అందరూ ఎల్తే ఊరు కాపలా ఎవులు కాస్తారు?" అన్నాడు. ఆ రోజునుంచీ ధర్మేంద్ర అడగడం మానేశాడు.

2017లో, వానలు మొదలయ్యే రోజుల్లో, ఒక వీడియో బయటపడింది. గిటారు కుర్రాడి చెల్లెలు రాజాంలో పాత ఫోను అమ్మబోతూ అందులోని మెమరీ కార్డు తీసి చూసింది. నలభై ఎనిమిది నిమిషాల కచేరీ ఉంది అందులో. ఆ అమ్మాయి నుంచి రేఖకీ, రేఖ నుంచి ధర్మేంద్రకీ వచ్చింది. ధర్మేంద్ర దాన్ని పెద్ద ట్యాబ్‌లో ఎక్కించి, మధ్యాహ్నం కొట్టు షట్టరు సగం దించి, అందరినీ పిలిచాడు.

జగన్నాధం రానన్నాడు.

"ఏటికిరా సూడ్డం? మనకి తెలిసిందే కదా."

"తేలిపోతాదని బయ్యమేటి మావా?" అన్నాడు సోములు. చెరో చెయ్యీ పట్టుకుని లాక్కొచ్చారు.

బొమ్మ మొదలైంది. కచేరీ అప్పటికే సగం దాటింది. తెరమీద ధనరాజు, ఇరవై ఒక్క ఏళ్ళ సన్నటి కుర్రాడు, ఎండలో. చొక్కా పైగుండీ ఊడింది. నీళ్ళు సీసాతో ఇచ్చారు, ఇచ్చింది మిల్లు గుమస్తా. కరెంటు పోయింది. తువ్వాలు ఎడమ భుజంనుంచి లేచింది, కుడి భుజం మీద వాలింది. జగన్నాధం అయిదేళ్ళుగా చెబుతున్నవన్నీ, కొలత తీసి కుట్టినట్టు, ఒక్కొక్కటే వచ్చి వాటి చోట్లో కూర్చుంటున్నాయి.

అప్పుడు ఆ కేక వినిపించింది.

"ఆపకండ్రా బావూ! నా బఠానీలు ఇంకా సగమున్నాయి!"

కెమేరా అటు తిరిగింది. బుట్ట నెత్తిన పెట్టుకున్న ఒక పెద్దమ్మ.

సోములు నేలమీద కూర్చుని నవ్వాడు. రేఖ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ధర్మేంద్ర మాత్రం తన గొంతు ఎక్కడైనా వినిపిస్తుందేమోనని వెనక్కి జరిపి మూడుసార్లు పెట్టాడు. మూడుసార్లూ బఠానీలే.

ఆఖరికి కచేరీ అయిపోయింది. చప్పట్లు. ఎవరో ధనరాజు చేతికి మైకు ఇచ్చారు. ఏదైనా చెప్పమన్నారు. అతను సిగ్గుపడుతూ మైకుని అటూ ఇటూ తిప్పాడు. జనం నిశ్శబ్దమయ్యారు. ధనరాజు గొంతు సవరించుకున్నాడు.

"నా సెప్పులు ఎవులేసుకెల్లిపోనారు?" అన్నాడు. వీడియో అక్కడితో ఆగిపోయింది.

ఈసారి ధర్మేంద్ర కూడా నవ్వాడు. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ రేఖ, "బుల్లమ్మ మామ్మకి చూపించాలిది! మనవడి కచేరీ ఆవిడ చూడనేలేదు కదా. ఎంత సంబరపడిపోతాదో!" అంది.

బుల్లమ్మ ధనరాజు అమ్మమ్మ. వాడిని పెంచింది ఆవిడే. ఎండుచేపలు అమ్ముతుంది. ఇల్లు జగన్నాధం ఇంటి పక్కనే, మధ్యలో ఒక్క గోడ.

"వద్దు" అన్నాడు జగన్నాధం.

అందరూ అతని వంక తిరిగారు. అతనొక్కడే నవ్వలేదని అప్పుడు కనిపించింది. మెడలో టేపుని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని నిలబడి ఉన్నాడు.

రేఖ, సోములు వెళ్ళిపోయాక అతను ధర్మేంద్ర ముందు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఒరే, ఆ ఆఖరు ముక్క కోసీగలవేటి? సెప్పుల ముక్క."

"ఎందుకు మావా? అదే కదా అన్నిటికంటే బాగున్నాది!"

ఆ రోజు ఎందుకు వెళ్ళలేదన్నదానికి జగన్నాధం పన్నెండో జవాబు చెప్పాడు. ఇది మిగతా పదకొండులాగా లేదు.

ఆ ఆదివారం పొద్దున బుల్లమ్మ బోరింగు దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ధనరాజు అప్పటికే మిల్లుకి వెళ్ళిపోయాడు. "ఆడికి సెప్పినావంటే నా మీద ఒట్టే. వాయించడం మానీసి వచ్చీస్తాడు" అంది. జగన్నాధం ఆవిణ్ణి ఆటోలో టెక్కలి ఆసుపత్రికి తీసుకెళ్ళి, రాత్రిదాకా పక్కనే కూర్చున్నాడు. కచేరీ అయ్యాక ధనరాజు పరిగెత్తుకుని వచ్చాడు. ఎలా జరిగిందిరా అంటే, "బాగానే అయినాది" అన్నాడు. అంతే. వాడి దగ్గర మాటలు అంతకుమించి దొరకవు.

"ఆ ముసల్ది మర్నాడు నన్ను అడిగినాది. జగన్నాధం, నా మనవడికి ఎవులైనా నీల్లిచ్చారేటని. నాకేటి తెలుసు? కనుక్కొని సెప్తానన్నాను. సెప్పినాను. ఎండ తగిలినాదేటన్నాది. అదీ కనుక్కున్నాను. అలగ రోజుకొకటి అడుగుతాది."

"అయితే నువ్వు అన్నానికని ఎల్లేది..."

"ఆవిడ కాడికే."

"ఈ మాట మాకు ముందే సెప్పొచ్చు కదా మావా!"

"సెప్తే మీరు జాలిపడి సెప్తారు. జాలిపడితే కొలత తప్పుతాదిరా."

ధర్మేంద్ర ట్యాబ్ ముందుకి లాక్కున్నాడు. "మరి ఆ సెప్పుల ముక్క వల్ల వచ్చిన నట్టమేటి?"

జగన్నాధం తల వంచుకున్నాడు. "ఆసుపత్రిలో ఒకపాలి అడిగినాది. ఆడు మైకులో నా పేరేటైనా సెప్పినాడేటి అని. కాలికి బరువు కట్టీసి పడుకోబెట్టినారు. అలగున్న మనిషికి నేదని ఎలగ సెప్పాల? 'ఇదంతా మా అమ్మమ్మకే' అన్నాడు పిన్నీ, జనమంతా సప్పట్లు కొట్టినారు అనీసినాను. నా బతుకులో కొలత తప్పింది అదొక్కటేరా. ఇప్పుడది సూసినాదంటే, తువ్వాలూ అబద్దమే అనుకుంటాది, నీల్లూ అబద్దమే అనుకుంటాది. అయిదేళ్ళదీ మొత్తం ఊడిపోతాది."

చూపించనని ధర్మేంద్ర మాటిచ్చాడు. ఆ మాట మర్నాడు పదకొండింటిదాకా నిలిచింది. పదకొండింటికి బుల్లమ్మే ఫోను చేసింది.

"ధర్మేంద్రేనా? మా గుంటడు వేరావల్‌నుంచి ఫోను సేసినాడు. ఏదో బొమ్మ వచ్చినాదటగా నీ కాడికి. పట్టుకొని రా బావూ. జగన్నాధం రానక్కర్నేదు, నువ్వే రా."

కాదనడానికి ఆవిడ సందివ్వలేదు. ధర్మేంద్ర ట్యాబ్ చంకలో పెట్టుకుని బయల్దేరుతుంటే ఎదుటి కొట్టులో మిషను ఆగింది. జగన్నాధం ఏమీ అడగలేదు. సైకిలు నడిపించుకుంటూ వీధి మొగదాకా వెంట వచ్చి, అక్కడ కరెంటు స్తంభం దగ్గర ఆగిపోయాడు.

బుల్లమ్మ అరుగుమీద కూర్చుని చేటలో ఎండు నెత్తళ్ళు ఏరుతోంది. పక్కన చేతికర్ర. ధర్మేంద్ర ట్యాబ్ ఆవిడ ముందు పెట్టి, ఆఖరు రాకముందే ఆపేసే ఉపాయం ఆలోచిస్తూ వేలు సిద్ధంగా ఉంచుకున్నాడు. ఆ ఉపాయంతో పని పడలేదు. రెండు నిమిషాలు చూసి బుల్లమ్మే అంది:

"సాల్లే, ఆపీ బావూ."

"ఇంకా సాలా ఉన్నాది మామ్మా."

"నాను ఇనని వాయింపేటి ఇది? పదేళ్ళు ఇన్నాను. నా సేపల డబ్బాలన్నీ సొట్టలు పెట్టీసినాడు. ఆడు ఆపితే బాగుణ్ణని దండం పెట్టుకొనీదాన్ని."

ధర్మేంద్ర తెల్లబోయాడు. "మరి అయిదేళ్ళనుంచీ మావని అంత అడిగి అడిగి సెప్పించుకుంటన్నారు. నీల్లు తాగినాడా, ఎండ తగిలినాదా అని..."

"తాగక సస్తాడేటి? దాహమేస్తే ఆడే తాగుతాడు, గాడిదంత ఎదిగినాడు."

"మరి ఎందుకడిగీవోరు?"

బుల్లమ్మ గోడవంక చూసి గొంతు తగ్గించింది.

"ధనరాజు వాయిస్తంటే ఈ ఈదంతా తిట్టీది. ఆ గోడవతలోడు ఒక్కడే మిషను ఆపీసి ఇనీవోడు. కచేరీకని కొత్త సొక్కా కుట్టుకున్నాడు, నీలం గళ్ళది. పొద్దున్నే తొడుక్కొని గుమ్మంలో నిలబడ్డాడు. అప్పుడే నాను పడ్డాను. ఆ సొక్కాతోనే వచ్చి నా మంచం కాడ కూకున్నాడు. మూడు గంటలైనాది, గోడ గడియారం సూసినాడు. నాలుగైనాది, సూసినాడు. ఎల్లిపోరా అన్నాను. డ్రమ్ములంటే తలనొప్పి పిన్నీ అన్నాడు. కాలు ఇరిగింది నాకు, మొగం మాడింది ఆడిది."

చేటలోంచి ఒక పుల్ల తీసి పారేసింది.

"ఆడి రుణం ఎలగ తీర్సుకుంటాను సెప్పు? నా కాడున్నయ్యి ఎండుసేపలు. ఆడు నీసు ముట్టడు. అందుకని అడగడం ఎట్టుకున్నాను. నాను ఆడిని అడిగితే, ఆడు మిమ్మల్నడుగుతాడు. మీరు సెప్తారు. అలగ సుట్టూ తిరిగి ఆ కచేరీ ఆడి కాడికి వస్తాది కదా అని."

ధర్మేంద్ర ఉండబట్టలేక, "మరి మైకులో మీ పేరు సెప్పినాడని మావ..." అని ఆగాడు.

బుల్లమ్మ పళ్ళులేని నోటితో పగలబడి నవ్వింది.

"ధనరాజా? మైకులోనా? పెళ్ళి పీటలమీద పంతులు పేరడిగితే నాను సెప్పినాను ఆడి పేరు! అబద్దమని ఆసుపత్రిలోనే తెలిసిపోనాది. కాని బావూ, అది సెప్తూ సెప్తూ జగన్నాధం కళ్ళనీల్లు ఎట్టుకున్నాడు. ఆడి అబద్దానికి ఆడే! అప్పుడు నాను కాదంటే బాగుంటాదేటి? ఈ మాట ఆడి కాడ అన్నావంటే నా మీద ఒట్టే."

ధర్మేంద్ర ఒట్టు వేశాడు. నిన్న ఒకరికి, ఇవాళ ఒకరికి. కచేరీలో ముందు వరస దొరకడం తేలికే, ఇదే కష్టంగా ఉందనిపించింది.

"నిన్ను పిల్సింది ఈ బొమ్మకి కాదు" అంది బుల్లమ్మ. "అయిదేళ్ళయినాది. ఇంక అడగడానికి ఏటీ మిగల్నేదు. మొన్న ఆ డ్రమ్ములు ఏ రంగురా అని నాలుగోపాలి అడిగితే, నాకేదో అయినాదని మొగం అదోలాగ పెట్టినాడు. నువ్వు సదువుకున్నోడివి, ముందొరసలో నిలబడ్డావటగా. ఒక మంచి మాట సెప్పు అడగడానికి. గబుక్కున జవాబు దొరక్కూడదు."

ముందు వరస అన్న మాటని ఇంత మర్యాదగా ఎవరూ అనలేదు ధర్మేంద్రతో. అతను కళ్ళు మూసుకున్నాడు. సిమెంటు కళ్ళం తెల్లగా మెరిసింది. ఇంకా ఏ చప్పుడూ మొదలవలేదు. మూడు వందల మందీ సర్దుకుంటున్నారు. సన్నాయి ఆయన పెదవులు తడుపుకుంటున్నాడు. ధనరాజు కర్రలు రెండూ పైకెత్తాడు. అవి గాలిలో అలా ఆగి ఉన్నాయి. తరవాత ఒకటి దిగింది. ఏది? వీడియోలో ఈ ముక్క లేదు, అది సగంనుంచే ఉంది.

"మొదటి దెబ్బ ఏ చేత్తో ఏసినాడు అని అడగండి మామ్మా. కుడా, ఎడమా?"

బుల్లమ్మ ఆ మాటని నోట్లో వేసుకుని రుచి చూసినట్టు చూసింది. "బాగున్నాది. ఎన్నాళ్ళొస్తాది?"

"మూడేళ్ళు కాయం."

వీధి మొగలో స్తంభం దగ్గర జగన్నాధం ఉన్నచోటే ఉన్నాడు. సైకిలు హాండిలు పట్టుకున్న వేళ్ళు తెల్లబడి ఉన్నాయి.

"ఏటైనాదిరా? ఆకరిదాకా సూసినాదేటి?"

"నేదు మావా. మొదట్లోనే ఆపీమన్నాది. నువ్వు సెప్పిందే బాగున్నాదట."

జగన్నాధం గుండెల్లోంచి ఒక పెద్ద ఊపిరి బయటికొచ్చింది. రెండు క్షణాలు ఆకాశంవంక చూశాడు. తరవాత మొహం మామూలు కొలతకి వచ్చింది.

"నిన్నొక మాట కనుక్కోమన్నాది" అన్నాడు ధర్మేంద్ర. "ధనరాజు మొట్టమొదటి దెబ్బ ఏ చేత్తో ఏసినాడని."

"ఈ ముసల్దానికి ఎలాంటి అనుమానాలొస్తాయిరా!" అన్నాడు జగన్నాధం విసుగ్గా. అలా అంటూనే కళ్ళు వెలిగిపోయాయి. కాలు అప్పుడే పెడలు మీదకి వెళ్ళింది. "నిజమే కదా, అది ఎవులినీ అడగనేదు. ఆ రోజు ముందొరసలో ఎవులెవులున్నారు?"

"నేనున్నాను కదా మావా."

"నువ్వు కాదురా. గుర్తున్నోళ్ళు."

సైకిలు గంట కొట్టుకుంటూ మలుపు తిరిగింది. ధర్మేంద్రకి మొదటిసారి కోపం రాలేదు. నిజంగానే అతనికి గుర్తులేదు. ట్యాబ్ చంకలో బిగించుకుని కొట్టువైపు నడుస్తూ, కుడిచెయ్యి ఒకసారి గాలిలోకి ఎత్తి దించి చూశాడు. ఉహూఁ. ట్యాబ్ అటు చంకలోకి మార్చి, ఎడమచెయ్యి ఎత్తాడు. ఎదురుగా వస్తున్న ఆవిడెవరో తనని పలకరిస్తున్నాడనుకుని, ఆవిడా చెయ్యెత్తింది.